సొంతూరి ప్రశ్న

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో ఎండాకాలంలో, నేను ఆపరేషన్స్ మేనేజర్‌గా పనిచేస్తున్న విజయవాడ ట్రావెల్స్ కంపెనీలో గైడ్ల ఎంపిక కూడా నా నెత్తిన పడింది. అదనపు బాధ్యత అన్నారు. అదనంగా ఒక మనిషినైనా ఇవ్వలేదు. రిటైర్మెంటుకి దగ్గర పడ్డాను. మోకాళ్లు అరిగిపోయాయి. రోజూ గుణదల నుంచి బెంజ్ సర్కిల్ దాకా ఆ ట్రాఫిక్‌లో వచ్చి, మా ఆఫీసు మేడమెట్లు ఎక్కడమే నాకొక యాత్ర. అయినా కాదనలేదు. కాదనడానికి కూడా ఓపిక కావాలి కదా.

అప్పటిదాకా మా కంపెనీ అమ్ముకున్నది దూరాన్నే. కాశీ, షిర్డీ, ఊటీ, కాశ్మీరు. జనం దూరప్రయాణాలకి జంకుతున్నారని మా మేనేజింగ్ పార్ట్‌నర్ రావు గారు ఇంటి దగ్గరి సర్క్యూట్లు మొదలుపెట్టారు. సర్క్యూట్ అంటే పొద్దున బయల్దేరి చీకటి పడేలోగా ఇంటికి చేర్చే ఒక్కరోజు యాత్ర. ఉండవల్లి, మంగళగిరి, అమరావతి ఒక సర్క్యూట్. ఘంటసాల, కూచిపూడి, మోపిదేవి చూపించి హంసలదీవిలో కృష్ణ సముద్రంలో కలిసే చోటు దాకా తీసుకెళ్లేది ఇంకొకటి. కొండపల్లి ఖిల్లా, కింద బొమ్మల వీధి కలిపి పూట యాత్ర. రిటైరైన ఉద్యోగులు, స్కూలు పిల్లలు, చర్చి సంఘాల వాళ్లు బాగానే వచ్చేవాళ్లు. బస్సులున్నాయి, డ్రైవర్లున్నారు. చూపించే మనుషులే లేరు.

గైడ్ పోస్టుకి మేము మూడు దశల్లో పరీక్ష పెట్టేవాళ్లం. మొదట రాతపరీక్ష. ఏ స్థలం ఏ రోజు మూసి ఉంటుంది, ఏది ముందు చూపిస్తే ఎండ తప్పుతుంది, పెద్దవాళ్లు ఎక్కడిదాకా నడవగలరు, ఇలాంటివి. తర్వాత ఓరల్. నేనూ రావు గారూ ఎదురుగా కూర్చుని అడుగుతాం. చివరిది ఫీల్డ్ టెస్ట్, అంటే యాత్రికులున్న బస్సులో ఎక్కించి పని చూడటం. ఈ పద్ధతంతా నేను కూర్చిందే.

ఓరల్లో మొదటి ప్రశ్న ఎప్పుడూ అభ్యర్థి సొంతూరి మీదే. ఆఫీసులో దానికి సొంతూరి ప్రశ్న అని పేరే పడిపోయింది. అది నాకౌట్. మిగతా ప్రశ్నలకి మార్కులుంటాయి, దీనికి లేవు. చెప్పలేకపోతే ఇంటికే. సొంత ఊరిని చూపించలేని వాడు పక్క ఊరిని ఏం చూపిస్తాడన్నది నా వాదన. ఆ ప్రశ్న ఉంటుందని అభ్యర్థులకి ముందుగా చెప్పే ఆనవాయితీ లేదు.

విచిత్రం ఏమిటంటే, ఎక్కువమంది అక్కడే బోల్తా కొట్టేవాళ్లు. ఉండవల్లి కుర్రాడొకడు అజంతా గురించి అనర్గళంగా చెప్పాడు. సొంతూరి గుహలకి ఎన్ని అంతస్తులని అడిగితే నీళ్లు నమిలాడు. బందరు అమ్మాయి గోవా బీచ్‌లన్నీ వరసగా ఏకరువు పెట్టింది. ఇంటి పక్కనే ఉన్న మంగినపూడి బీచ్‌లో స్నానానికి ఏ వేళ మంచిదంటే గుడ్లప్పగించి చూసింది. అందరిదీ ఒకటే జవాబు. పక్కనే కదా మేడమ్, ఎప్పుడైనా వెళ్లొచ్చులే అనుకున్నాం. ఆ మాట వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. ఇంకో మనిషి ఆ మాటంటే లేచి వెళ్లిపోదామన్నంత విసుగొచ్చేది.

మరుసటి ఏడాది ఒక్క పోస్టుకి చివరిదాకా నిలిచిన వాళ్లలో యాకూబ్ ఒకరు. ఆయన కొత్తవాడు కాదు. మా కంపెనీలోనే సీనియర్ డ్రైవరు. కొండపల్లిలో పుట్టి పెరిగారు. తండ్రి ఊరి పక్కనున్న థర్మల్ స్టేషన్‌లో కాంట్రాక్టు కూలీగా చేసిన మనిషి. యాకూబ్ ఇరవయ్యేళ్లకి పైగా మా బస్సులు నడిపారు. బండి మీద గీత పడనిచ్చేవారు కాదు, నోటి వెంట మాట తూలేది కాదు. అలాంటి మనిషికి షుగరు కళ్లకొచ్చింది. హెవీ లైసెన్సు రెన్యువల్‌కి వెళ్తే కంటి పరీక్ష దగ్గర ఆపేశారు. లేజరు చేయించుకున్నారు. ఉన్న చూపు నిలబెట్టుకోవచ్చు గానీ పోయింది రాదని డాక్టరు తేల్చి చెప్పేశాడు. దగ్గరివి కళ్లద్దాలతో చదవగలరు, నడవగలరు. దూరానివి మసక. ఇక స్టీరింగ్ పట్టుకునే ప్రశ్నే లేదు.

కంపెనీలో బండి నడపని డ్రైవరుకి వేరే పని లేదు. నెలాఖరుకి లెక్క తేల్చి పంపించెయ్యమని రావు గారు అన్నారు. గైడ్ పోస్టు ఖాళీగా ఉంది కదా, పరీక్షకి కూర్చోనివ్వండని నేనడిగాను. అందరితో పాటే కూర్చోవాలి, అందరికీ ఉన్న రూలే ఆయనకీ అన్నారు రావు గారు. అది న్యాయమే.

యాకూబ్ ఎంత కష్టపడి చదివారో నాకు తెలుసు. వాళ్లావిడ ముంతాజ్ మిషను కుట్టుకుంటూ ప్రశ్నలు అడిగేదట, ఈయన మంచం మీద పడుకుని జవాబులు చెప్పేవారట. రాతపరీక్షలో మంచి మార్కులే తెచ్చుకున్నారు. ఘంటసాల మ్యూజియం సెలవు రోజు, హంసలదీవిలో గుడి నుంచి సంగమం దాకా దారి, బస్సు ఎక్కడ ఆపి ఆటోలు మాట్లాడాలి, అన్నీ సరిగ్గా రాశారు. పాసైపోతారని నేను ధీమాగా ఉన్నాను. చూశారా, ఇంత సర్వీసు చేసి కూడా నాకు అంతే తెలిసింది.

ఓరల్ రోజు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకొచ్చారు. కూర్చోమన్నా కుర్చీ చివరే కూర్చున్నారు. నేను మొదటి ప్రశ్న అడిగాను. కొండపల్లి ఖిల్లాలో దర్గా దర్వాజా దాటాక యాత్రికులకి ఏది ముందు చూపిస్తారు, తానీషా మహల్ దాకా ఎటు నడిపిస్తారు?

ఆయన కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత అన్నారు.

"దర్వాజా దాకా తెలుసండి. దర్గా ఉరుసుకి చిన్నప్పుడు మా అమ్మ తీసుకెళ్లేది."

"దాటాక?"

"దాటలేదండి."

రావు గారు నా వంక చూశారు. కొండమీదికి ఘాట్ రోడ్డుంది. ఆ రోడ్డు మీద మా బస్సుని ఈ మనిషి ఎన్నిసార్లు ఎక్కించి ఉంటారో లెక్కే లేదు. ఎక్కించిన ప్రతిసారీ పార్కింగ్‌లో ఆగిపోయారు. ఎందుకంటే డ్రైవరు బండి వదలకూడదు. అది ట్రావెల్స్ లైనులో మొదటి నియమం. ప్యాసింజర్ల సామాను బండిలో ఉంటుంది, ఎండకి తట్టుకోలేని పెద్దవాళ్లు మధ్యలో వచ్చి కూర్చుంటారు, పోలీసు వచ్చి బండి తియ్యమంటే తియ్యాలి. మంచి డ్రైవర్లు ఆ నియమాన్ని నియమంలా కాదు, పరువులా చూసుకుంటారు. యాకూబ్ మంచి డ్రైవరు. ఖిల్లా ఒక్కటే కాదు, ఉండవల్లిలోనూ ఘంటసాలలోనూ ఆయన లోపలికి అడుగు పెట్టలేదట. వాటినైతే చదువుకున్నారు. సొంత ఊరిని చదువుకోవాలని తోచలేదు.

"మా ఊరు నన్నేం అడుగుతార్లే అనుకున్నానండి" అన్నారు చివరికి. "మా ఇంటి మీద కొండే కదా, ఎప్పుడైనా ఎక్కొచ్చులే అని."

మళ్లీ అదే మాట. ఈసారి విసుగు రాలేదు.

ఆయన్ని బయట కూర్చోబెట్టి మేమిద్దరం మాట్లాడుకున్నాం. రావు గారు చెడ్డమనిషి కాదు, తొందర మనిషి. "రత్నకుమారి గారూ, నాకౌట్ అంటే నాకౌటేనండి. మీరు పెట్టిన రూలే" అన్నారు. రూలు మార్చమని నేను అడగలేదు. ఇరవై మందిని అదే ప్రశ్న దగ్గర పంపించేసి, తెలిసిన మనిషని ఒక్కడికి తలుపు తీస్తే రేపు నా మొహం నేను చూసుకోలేను. అయితే ఓరల్ పద్ధతిలో ఇంకో వీలుంది. పరీక్షకురాలికి అవసరమనిపిస్తే ఏ ప్రశ్ననైనా ఆ స్థలం దగ్గరే నిలబెట్టి అడగొచ్చు. అప్పటిదాకా దాన్ని ఎవరి విషయంలోనూ వాడలేదు. ఎండలో కొండలెక్కే ఓపిక నాకెక్కడిది? ఓరల్ ముగించలేదని, మర్నాడు కొండపల్లిలో పూర్తి చేస్తానని చెప్పాను. రావు గారు కాసేపు గొణిగి, తానూ వస్తానన్నారు. నా మీద నమ్మకం లేక అని నాకు అర్థమైంది.

యాకూబ్‌ని పిలిచి రేపు పొద్దున ఖిల్లా దగ్గర కలవమని మాత్రం చెప్పాను. అంతకు మించి చెప్పడం పద్ధతి కాదు. అర్థం చేసుకుని పొద్దున్నే గేటు తీయగానే లోపలికి వెళ్లి చూసుకుంటారు, మేము వెళ్లేసరికి సిద్ధంగా ఉంటారు అనుకున్నాను.

మర్నాడు రావు గారి కారులో బయల్దేరాం. గొల్లపూడి దాటేసరికే ఎండ చుర్రుమంటోంది. ఘాట్ రోడ్డెక్కి పార్కింగ్‌లోకి తిరగ్గానే యాకూబ్ కనిపించారు. మా బస్సు ఎప్పుడూ ఆగేచోట, సరిగ్గా డ్రైవరు నిలబడేచోట, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. పొద్దున్నే ఆటోలో వచ్చేశారట. బస్సు లేదు, కాపలా కాయాల్సింది ఏమీ లేదు. అయినా అక్కడే నిలబడ్డారు.

"లోపలికెళ్లి చూసి రాలేదా యాకూబ్ గారూ?" అన్నాను.

"మీరు రాకుండా ఎట్టా వెళ్తానండి" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియదు. ఆ మనిషిని కసురుకుందామనుకుని ఆగాను. ఇన్నేళ్లూ బండి దగ్గర నిలబడమన్నది మేమే. ఇప్పుడు నిలబడ్డందుకు తిట్టాలా?

గంట టైము ఇస్తున్నాను, వెళ్లి చూసి రమ్మన్నాను. రావు గారికి కోపం వచ్చింది. "పరీక్షకొచ్చి పేపరు చూసుకోమన్నట్టుందండీ మీ వరస" అన్నారు.

"ఊరు ఆయనదేనండి. పేపరూ ఆయనదే" అన్నాను.

రావు గారు ఏమనుకున్నారో గానీ కారు ఏసీ వేసుకుని కూర్చున్నారు. యాకూబ్ రెండడుగులు వేసి ఆగి వెనక్కి చూశారు. కారు వంక చూశారు. బండి దగ్గర నేనుంటాను, మీరు వెళ్లండి అన్నాను. అప్పుడు వెళ్లారు.

పార్కింగ్‌లో ఉండటం అంటే ఏమిటో ఆ గంటలో తెలిసింది. నేను కారెక్కలేదు. ఎందుకు ఎక్కలేదని అడిగితే చెప్పలేను. నీడనిచ్చే చోటు ఒక గోడ పక్కన మూరెడు ఉంటే అక్కడ కూర్చున్నాను. పొద్దెక్కే కొద్దీ అదీ తరిగిపోయింది. ఒక టూరిస్టు వ్యాన్ వచ్చింది. జనం దిగి కేకలేసుకుంటూ లోపలికి వెళ్లారు. డ్రైవరు దిగి గుడ్డతో అద్దం తుడిచాడు, చక్రాన్ని కాలితో తన్ని చూశాడు, మళ్లీ అద్దం తుడిచాడు. పక్కనే టికెట్ కౌంటరుంది, ఎదురుగా దర్వాజా ఉంది. అతను ఒక్కసారి కూడా ఆ వైపు చూడలేదు. మీరెప్పుడైనా లోపలికి వెళ్లారా బాబూ అని అడిగితే, నవ్వి, మాకెందుకండీ అన్నాడు. ఆ గంట నా సర్వీసులోకెల్లా పొడుగైన గంట.

యాకూబ్ చొక్కా తడిసిపోయి తిరిగొచ్చారు. నేనూ లేచాను. రావు గారు కిటికీ దించి, మీరు కానిచ్చి రండి, నా నడుం ఒప్పుకోదు అన్నారు. మేమిద్దరమే లోపలికి వెళ్లాం.

పరీక్ష పరీక్షలాగే పెట్టాను. దయ చూపించలేదు. నన్ను యాత్రికురాలిగా అనుకుని మొదటి నుంచి చూపించమన్నాను. దర్వాజా దగ్గర ఆగి, దర్గా వల్ల ఆ పేరు వచ్చిందని చెప్పారు. మెట్లు ఎత్తుగా ఉన్నాయి, గోడ వైపు నుంచి రండన్నారు. ఎక్కడ కూర్చోవచ్చో అడక్కుండానే చెప్పారు. మూడంతస్తుల బురుజు, నీటి గుంట, మహలు వరసగా చూపించారు. ఒకచోట సైనికుల బసని గుర్రపుశాల అన్నారు. తప్పని రాసుకున్నాను. చెప్పే తీరులో కూడా జీవం అంతంత మాత్రమే, అప్పజెబుతున్న కుర్రాడిలా ఉంది. మధ్యలో ఒకచోట మాత్రం, నేనూ ఇప్పుడే చూశానండి, చాలా బాగుంది అనేశారు. గైడ్ అలా అనకూడదు. అదీ రాసుకోవాల్సింది, మర్చిపోయాను.

మొత్తం మీద గట్టెక్కారు. బొటాబొటీగా గట్టెక్కారు. మహలు గోడ పక్కన నిలబడి, పాసయ్యారని చెప్పాను. ఆయన జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నారు. అల్లా దయ అన్నారు. తర్వాత, ఒక మాట అడగనా మేడమ్ అన్నారు. అడగమన్నాను.

"కింద మసీదు కనపడతందా అండి? దాని పక్క వీధిలో మాది పచ్చరంగు డాబా. పైన నీలం ట్యాంకు. ఇందాక ఒక్కణ్ణే వచ్చినప్పుడు చూశాను. నాకు అంతా ఒకటే మసగ్గా ఉంది."

గోడ మీదికి వంగి చూశాను. థర్మల్ స్టేషన్ చిమ్నీలు, రైలు పట్టాలు, వాటికి ఇవతల ఊరు, అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. మసీదు దొరికింది. వెతగ్గా వెతగ్గా నీలం ట్యాంకు దొరికింది. డాబా మీద చీరలు ఆరేసి ఉన్నాయి. ఎవరో ఆడమనిషి వాటిని తిరగేస్తోంది.

ఆయన భుజం పక్కన నిలబడి చెప్పడం మొదలుపెట్టాను. నా చెయ్యి చూడండి, మసీదుకి కుడివైపు. రెండిళ్లు వదిలెయ్యండి. వేపచెట్టు కొమ్మ అడ్డం వచ్చింది, దానికి పక్కగా. ఎర్రచీర, పసుపుచీర ఆరేసి ఉన్నాయి. ముంతాజ్ గారే అనుకుంటా, డాబా మీదే ఉన్నారు. అంతమంది గైడ్లకి పరీక్షలు పెట్టానే గానీ, ఒక మనిషికి నిలబడి ఒక చోటు చూపించడం అదే మొదటిసారి. ఆయన తల అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు చూశారు.

"ఆ... అదే" అన్నారు చివరికి. "ఎంత దగ్గరుందండి మా ఇల్లు."

కనిపించిందో లేదో నేను అడగలేదు. పరీక్ష అయిపోయింది.

కిందికి వచ్చాక రావు గారు ఒకే ముక్క అడిగారు, చెప్పాడా అని. చెప్పారు, ఒకచోట తప్పు, మిగతావి సరే అన్నాను. రావు గారు సంతకం పెట్టారు. ఫీల్డ్ టెస్ట్ కూడా గడిచాక పోస్టు యాకూబ్‌దే అయింది. తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా నా మోకాళ్లు నొప్పెట్టాయి. వాటి గురించి ఎవరితోనూ అనలేదు.

యాకూబ్ గొప్ప గైడేమీ కాలేదు. ఆ సంగతి దాచాల్సిన పని లేదు. ఈనాటికీ కొండపల్లి సర్క్యూట్ ఒక్కటే చేస్తున్నారు. పెద్దవాళ్ల గ్రూపులు ఆయన్నే కావాలంటారు, కుర్రకారుకి విసుగు. నా రిటైర్మెంటు నాటికి ఆయన చూపు ఇంకాస్త తగ్గింది. మెట్లు అలవాటయ్యాయి కాబట్టి ఇబ్బంది లేదంటారు. మహలు గోడ దగ్గరికి రాగానే అందరికీ వాళ్ల ఇల్లు చూపిస్తారట. మసీదుకి కుడివైపు, రెండిళ్లు వదిలి, వేపకొమ్మ పక్కన. ఆ రోజు నేను చెప్పిన మాటలే, అదే వరసలో.

ఆ పరీక్ష తర్వాత నేను రెండు పనులు చేశాను. సొంతూరి ప్రశ్న ఉంటుందని అభ్యర్థులకి ముందే చెప్పడం మొదలుపెట్టాను. అయినా సగంమంది చూసి రారు, అది వేరే సంగతి. రెండోది డ్రైవర్ల నియమం. కొత్త డ్రైవరు ఏ స్థలానికైనా మొదటిసారి బండి తీసుకెళ్తే, బండి దగ్గర గైడ్ ఉండాలి, డ్రైవరు లోపలికి వెళ్లి చూసి రావాలి. ఖర్చు దండగన్నారు రావు గారు. వాదించాను, ఒప్పుకున్నారు. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఇంతే. చుట్టుపక్కల ఉన్నవి ఎక్కడికీ పోవు, పోయేవి మన కళ్లే. అందుకే ఆ నియమంలో ఒక మాట చేర్పించాను, ఇప్పటికీ అలాగే ఉంది. డ్రైవరు చేరిన మొదటి నెలలోనే సర్క్యూట్లన్నీ చూపించాలి.